కొత్త ప్రధానోపాధ్యాయుల తొలి కర్తవ్యం



తమిళనాట తెలుగు బడికి కొత్త ప్రధానోపాధ్యాయులు వస్తే శాలువా కప్పుతాం. ప్రహరీకి రంగు వేయిస్తే మెచ్చుకుంటాం. అది చాలదు. వారు మొదట చూడవలసింది ప్రవేశ రిజిస్టరులోని మాతృభాష గడిని.

2006 నాటి చట్టం ఒకటవ తరగతి నుండి అంచెలంచెలుగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తమిళం నేర్వవలసిందే, పొరుగు భాషపై మనకు ద్వేషం లేదు. కాని ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతోంది. లెక్కకెక్కని పిల్లల కోసం ఉపాధ్యాయుణ్ణి ఎవరు పంపుతారు?

తెలుగు పోస్టు ఖాళీగా ఉంటే, బాధ్యతలు స్వీకరించిన వారంలోనే పై అధికారులకు లేఖ వెళ్లాలి. వెళ్లిందా అని తల్లిదండ్రులు అడగాలి. శాలువా ఆ తరువాత కప్పుదాం.