చూపు నిలిపేది మందా, తిండా?



మన గ్రూపులో తిండి మాట వచ్చినప్పుడల్లా రెండు వాదనలే. "పాత తిండి తింటే ఏ జబ్బూ రాదు" అని కొందరు, "మందులు లేకుంటే లాభం లేదు" అని ఇంకొందరు. రెండూ సగం నిజాలే అని మేం అనుకుంటున్నాం. ఎందుకో తెలియాలంటే ఒకసారి పశ్చిమ ఆఫ్రికా వైపు చూడాలి.

సహారా ఎడారికి దక్షిణాన ఉన్న బుర్కినా ఫాసోలో పల్లె జనం రోజూ తినేది జొన్న, సజ్జ సంకటి. కడుపు నిండుతుంది గానీ విటమిన్ ఎ అందదు. అది తగ్గితే పిల్లలకు ముందు రేచీకటి వస్తుంది, పొద్దుగూకితే తడుముకుంటూ నడుస్తారు. ముదిరితే కన్ను పుండుపడి చూపు శాశ్వతంగా పోతుంది. తట్టు, విరేచనాలు వస్తే ప్రాణం మీదికే వస్తుంది. పక్కనున్న ఘనా ఉత్తర ప్రాంతంలో నాలుగు నెలలకోసారి విటమిన్ ఎ ఇచ్చి చూస్తే పిల్లల మరణాలు 19 శాతం తగ్గాయి. ఈ ఫలితాలు 1993లో బయటికొచ్చాయి. కాబట్టి మందును తేలిగ్గా తీసిపారేయకూడదు.

అయితే ఆ మందు ఆరు నెలలకోసారి మళ్ళీ మళ్ళీ వేయాలి. దాడుల భయంతో ఆరోగ్య కేంద్రాలు మూతపడితే ఎవరు వేస్తారు? ఇంట్లో వండుకునే తిండి మాత్రం ఎవరి కోసం ఎదురుచూడదు.

బుర్కినా ఫాసోలోనే కాయా ప్రాంతంలో దాన్ని పరీక్షించి చూశారు. అక్కడి జనానికి అలవాటు లేని ఎర్ర పామాయిల్‌ను అందుబాటులోకి తెచ్చారు. తల్లులు కొనుక్కుని కూరల్లో వాడారు. రెండేళ్ళలో విటమిన్ ఎ లోపం తల్లుల్లో సుమారు 62 శాతం నుంచి 28కి పడిపోయింది. పిల్లల్లో మాత్రం 84 నుంచి 67కే తగ్గింది. తిండి మేలు చేసింది, కానీ పసివాళ్ళకు అదొక్కటే చాలలేదు. అందుకే మేం అంటున్నాం, రెండూ కావాలి.

ఆ నూనె చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఇప్పుడు మన అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఎక్కడ చూసినా అవే తోటలు. కానీ మన ఇంటికొచ్చే ప్యాకెట్ నూనెలో ఆ ఎరుపు ఉండదు. శుద్ధి చేసేటప్పుడు రంగుతో పాటు విటమిన్ ఎ ఇచ్చే పదార్థమూ పోతుంది. గెల మన దగ్గర పండుతున్నా దాని బలం మన గిన్నెలోకి రావట్లేదు.

మన మునగ ఆఫ్రికా వెళ్ళి నైజర్, సెనెగల్‌లో ఆకుకూర అయింది. మన హాస్టల్ మెనూలో మాత్రం దానికి చోటు లేదు. వారానికి రెండుసార్లైనా మునగాకు పప్పు పెట్టమని అడుగుదాం. అలాగే సెలవులకు ఊరెళ్ళినప్పుడు తొమ్మిది నెలలు దాటిన పిల్లలున్న ప్రతి ఇంట్లో, "విటమిన్ ఎ డోసు వేయించారా?" అని అడుగుదాం. ఐదేళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకోసారి అది వాళ్ళ హక్కు.

అటు మందునూ వదలొద్దు, ఇటు తిండినీ వదలొద్దు. మీరేమంటారు?