పలువరుస దిద్దుట: తీగలా, తొడుగులా?



ఆత్మకూరునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె కొమార్తెకు 14 ఏండ్లు. పై పలువరుస ముందునకు వచ్చియున్నది. క్రింది పండ్లు ఒకదానిపై నొకటి యెక్కియున్నవి. లోహపు క్లిప్పులైనను వేయింపవచ్చును, కంటికి కానరాని తొడుగులైనను పెట్టింపవచ్చునని వైద్యుడు చెప్పెనట. తీగలు కట్టిన నోటితో పిల్ల నలుగురిలో నెట్లు తిరుగునని యింటి పెద్దల బెంగ. రెంటిలో నేది మేలని యామె ప్రశ్న. ఈ ప్రశ్న నేడు పెక్కిండ్లలో నున్నది కావున నిచ్చటనే బదులు వ్రాయుచున్నాము.

తీగల పద్ధతి పాతది. అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ ఆంగిల్ 1899లో పలువరుస దోషములను వర్గములుగా విభజించి యీ శాస్త్రమునకు క్రమము కల్పించెను. ప్రతి పంటికిని చిన్న బిళ్ల నంటించి, వానిగుండ తీగను పోనిచ్చి, 4 మొదలు 8 వారముల కొకమారు వైద్యుడు సరిచూచును. తొడుగుల పద్ధతి క్రొత్తది. 1997లో అమెరికాలో స్థాపితమైన అలైన్ టెక్నాలజీ యను సంస్థ దీనిని వ్యాప్తికి తెచ్చెను. పండ్ల యాకృతిని గ్రహించి పలుచని ప్లాస్టిక్ తొడుగులను వరుసగా చేయుదురు. ఒక్కొక్కటి పంటిని సుమారు పావు మిల్లీమీటరు కదల్చును. ఒకటి రెండు వారముల కొకటి మార్చవలెను. రెండు పద్ధతులందును మెల్లని యొత్తిడిచే దవడయెముక యొకవైపు కరగి, వేఱొకవైపు క్రొత్తగా నేర్పడుచు పంటికి త్రోవ యిచ్చును. కావున త్వరపెట్టుట పనికిరాదు. తఱచు ఏడాదిన్నర, రెండేండ్లు పట్టును.

అసలు భేదము అందమున లేదు. కాపాడు భారము ఎవరిదను దానిలో నున్నది. తీగ రాత్రింబవళ్లు తన పని తాను చేయును. పిల్ల మఱచినను అది మానదు. తొడుగు దినమునకు 20 మొదలు 22 గంటలు నోట నున్ననే పనిచేయును. తినునప్పుడును, కాఫీ త్రాగునప్పుడును తీసి, పండ్లు తోమి, మరల పెట్టుకొనవలెను. వేడినీట కడిగిన వంకరపోవును. మన యుదయగిరి, ఆత్మకూరు పిల్లలు పలువురు పదవ తరగతి పిమ్మట నెల్లూరి హాస్టళ్లకు పోవుదురు. భోజనశాలలో కాగితమున చుట్టిపెట్టిన తొడుగు ఎంగిలాకుతో పోవుట కెంతసేపు?

తీగలకును చిక్కులు లేకపోలేదు. బిళ్లల చుట్టు మెతుకులు చిక్కును. శ్రద్ధగా తోమకున్న పండ్లు పుచ్చును. చక్కిలములు, చెఱకు, వేరుసెనగ ఉండలు మానవలెను. బిళ్ల యూడిన వైద్యునియొద్దకు పోక తప్పదు. ఆత్మకూరునుండి నెల్లూరికి సుమారు 60 కిలోమీటర్లు. ఉదయగిరినుండి నూరునకు సమీపము. బస్సు చార్జీయు, తోడు పోవు పెద్దవారికి పోయిన దినమును ఖర్చులో వ్రాసికొనవలెను. తొడుగుల వెల సాధారణముగా తీగలకంటె చాల హెచ్చు. ప్రయాణములు మాత్రము తఱచు తక్కువ. నెల్లూరిలోని నారాయణ దంతవైద్య కళాశాలవంటి బోధనాసుపత్రులలో చూపించుకొనుట కూడ విచారింపదగినది.

మన ప్రాంతమున మఱియొక విషయము కలదు. త్రాగునీటి ఫ్లోరైడువలన ఎముకలకు వచ్చు వ్యాధిని 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో కనుగొని ప్రకటించిరి. ఉదయగిరి పరిసరముల బోరునీటికి ఆ పీడ నేటికిని తీరలేదు. అట్టి నీటితో పెరిగిన పిల్లల పండ్లపై తెల్లని, గోధుమవన్నె మచ్చలు పడును. ఈ మచ్చలను తీగయు పోగొట్టదు, తొడుగును పోగొట్టదు. వానికి చికిత్స వేఱు. అంతేకాక అట్టి పంటిపై బిళ్లలు గట్టిగా నంటక యూడుట కలదు. తొడుగులకును తఱచు పండ్లపై చిన్న గుబ్బల నంటింపవలసి యుండును. కావున డబ్బు కట్టకముందే, "మా పిల్ల పండ్లపై నీ మచ్చలున్నవి, అంటునా? ఊడిన మరల రుసుము పుచ్చుకొందురా?" అని యడుగుడు.

తపాలాలో తొడుగులు పంపెదమను ప్రకటనలకు లోబడకుడు. అమెరికాలో అట్టి వ్యాపారమే చేసిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడగా, సగము చికిత్సలో నున్నవారు దిక్కుతోచక నిలిచిరి. ఎక్సురే తీసి, వ్రేళ్లును చిగుళ్లును చూచి చెప్పు పలువరుస నిపుణుడు ఏ పద్ధతికైనను ఉండవలెను.

ఇక పెద్దల మాట. 14 ఏండ్ల పిల్ల నోటిని రాబోవు పెండ్లిచూపుల కన్నులతో చూచుట మాకు సమ్మతము కాదు. ముందునకు వచ్చిన పండ్లు క్రిందపడినప్పుడు విఱుగు నపాయ మెక్కువ. ఎక్కియున్న పండ్లను తోముట కష్టము. చికిత్సకు కారణము లివి చాలును. పిల్లను చెంత కూర్చుండబెట్టుకొని, "అమ్మా, తీగలతో బడికి పోవుటకు నీకు సిగ్గా? రెండేండ్లు దినదినము తొడుగును నీవే చూచుకొనగలవా?" అని యడుగుడు. నోరు ఆమెది, రెండేండ్ల యోపికయు ఆమెదే.

వైద్యుడు రెండును సరియే యన్నచో, ఈ వయసున తీగలే మేలని మా యభిప్రాయము. పండ్లు చాల తిరిగియున్నను, కొన్నిటిని తీయవలసివచ్చినను తీగలకే పట్టు హెచ్చు. తన వస్తువులను తానే జాగ్రత్తపెట్టుకొను పిల్ల తనంతట కోరి, ఖర్చు ఇంటికి అప్పు కాకున్నచో తొడుగులు పెట్టింపవచ్చును. ఏది యెన్నుకొన్నను, పని ముగిసిన పిమ్మట రిటైనరు ధరింపవలెను. లేనిచో పండ్లు మెల్లగా పాతచోటికి మరలును. దాని వెలయు మొదటి దినముననే యడిగి తెలిసికొనుడు.