నగ మనది, లెక్కా మనదే కావాలి

ముద్దనూరులో సంఘం మీటింగ్ ముగిసేసరికి పొద్దు వాలింది. స్త్రీల ఆస్తి హక్కు గురించి రెండు గంటలు మాట్లాడుకున్నాం. వారసత్వం, పట్టాలో పేరు, బ్యాంకు ఖాతా అన్నీ చెప్పాం. అందరూ లేచి వెళ్తున్నా, నాపరాళ్ళ పాలిష్ మిషన్ల దగ్గర కూలికి పోయే ఒకామె మాత్రం గోడవారగా కూర్చుండిపోయింది. గది ఖాళీ అయ్యాక చెంగు ముడి విప్పి ఒక డాలరు గొలుసు నా చేతిలో పెట్టింది.

"అక్కా, ఇది బంగారం కాదంట. పద్దెనిమిదంట" అంది.

కూతురు నర్సింగు చదువుతోంది. ఫీజు కట్టడానికి గడువు దగ్గర పడింది. తల్లి పెట్టిన గొలుసు తీసుకుని ప్రొద్దుటూరు వెళ్ళింది. ఒక అంగట్లో రాయి మీద గీసి చూసి "ఇది పద్దెనిమిది క్యారెట్లమ్మా, దీంట్లో సగం రాగే" అన్నారట. చెప్పిన ధర విని ఆమె వెనక్కి వచ్చేసింది. డబ్బు తక్కువైనందుకు ఆమెకు బాధ లేదు. "మా యమ్మ నాకు రాగి పెట్టి పంపించిందా అక్కా? ఇరవై ఏండ్లు నేను రాగి మెడలో ఏసుకుని తిరిగినానా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. హక్కుల గురించి రెండు గంటలు మాట్లాడిన మేము, ఆ హక్కు ఆమె మెడలో వున్నప్పుడు దాని విలువ ఎలా కట్టాలో ఒక్క మాట చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

అందుకే ఈసారి సంపాదకీయం బంగారం గురించి. బంగారం మీద మోజును మనం విమర్శిస్తూ వచ్చాం. పెళ్ళికూతుర్ని తులాలతో తూచే ఆచారాన్ని వ్యతిరేకించాం. ఆ వైఖరి మారలేదు. కానీ కరువు నేల మీద భూమి పట్టా మగవాడి పేరునా, ఇల్లు మామగారి పేరునా వున్నప్పుడు, పేద స్త్రీకి తనదంటూ వుండేది ఆ నాలుగు గ్రాములే. వాన ఎగ్గొట్టినా, ఆసుపత్రి పాలైనా ముందు గడప దాటేది అదే. అలా దాటేటప్పుడు ఎంతకు దాటుతోందో తెలియకపోతే మనం సాధించుకున్న హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.

అసలు పద్దెనిమిది క్యారెట్లు అంటే ఏమిటి? మేలిమి బంగారాన్ని 24 పాళ్ళుగా అనుకుంటే, ఆ నగలో 18 పాళ్ళు బంగారం, తక్కిన 6 పాళ్ళు రాగి, వెండి వంటి లోహాలు. అంటే నూటికి 75 వంతులు బంగారమే. "సగం రాగి" అనేది అబద్ధం. 22 క్యారెట్లలో 91.6 శాతం, 20లో 83.3 శాతం, 14లో 58.5 శాతం బంగారం వుంటుంది. నగ మీద కనిపించే 916, 833, 750, 585 అనే అంకెల అర్థం ఇదే. వెయ్యి పాళ్ళలో ఇన్ని పాళ్ళు బంగారం అని. మేలిమి బంగారం మెత్తన. రాళ్ళు పొదగాలన్నా, సన్నని పని నిలవాలన్నా ఇతర లోహం కలపక తప్పదు. తక్కువ క్యారెట్ నగను ఎక్కువ క్యారెట్‌దని అమ్మితే అది మోసం. తక్కువ క్యారెట్ కావడమే మోసం కాదు.

ఆ సాయంత్రం ఆమె గొలుసు లెక్క పలక మీద వేశాం. ఎర్రరాళ్ళ డాలరుతో కలిపి 13 గ్రాములు. అంగట్లో రాళ్ళ కింద 2 గ్రాములు తీసేశారు. రాళ్ళు ఊడదీసి తూస్తే అవి 1 గ్రామే. మిగిలిన 12 గ్రాములను 18తో హెచ్చించి 24తో భాగిస్తే 9 గ్రాముల మేలిమి. ఈ సూత్రం ఒక్కటి గుర్తుంటే చాలు. అదే 12 గ్రాములు 22 క్యారెట్లయితే 11 గ్రాములు, 20 అయితే 10, 14 అయితే 7 గ్రాముల మేలిమి. బంగారం ధర రోజూ మారుతుంది కాబట్టి లెక్క సులువుగా వుండడానికి మేలిమి గ్రాము 10,000 రూపాయలనుకుందాం. ఆమె గొలుసు విలువ 90,000 రూపాయలు.

ఇక్కడ ఒక కిటుకు గమనించాలి. అంగళ్ళ బోర్డు మీద రాసే ధర తరచుగా 22 క్యారెట్లది. మన లెక్కలో అది గ్రాముకు 9,167 రూపాయలవుతుంది. కొందరు ఆ ధరతో 12 గ్రాములను గుణించి, 1,10,000 రూపాయలని చెప్పి, "ఇది పద్దెనిమిది కాబట్టి పావు వంతు తీసేస్తున్నాం" అంటారు. చేతికి వచ్చేది 82,500. వినడానికి న్యాయంగానే వుంటుంది. కానీ 22 క్యారెట్ల ధరలో మొదటి కోత అప్పటికే పడింది. దాని మీద మళ్ళీ కోస్తే అది రెండో కోత. ఒక్క గొలుసు మీద 7,500 రూపాయలు పోయాయి. మేలిమి ధరతో లెక్క కట్టమని అడిగితే చాలు, ఈ రెండో కోత బయటపడుతుంది. కరిగించినందుకూ, లాభానికీ కొనేవారు కొంత తగ్గించుకోవడం మామూలే. అది ఎన్ని శాతమో నోటితో చెప్పించాలి, రెండు మూడు చోట్ల పోల్చి చూసుకోవాలి.

ఇంత సులువైన లెక్కను మనం ఎందుకు అడగం? సిగ్గు వల్ల. ఆ సిగ్గు నాకు మా ఇంట్లోనే తెలుసు. మా అమ్మ పెళ్ళి 1964లో జరిగింది. అంతకు ముందు ఏడాది, 1963 జనవరిలో, మొరార్జీ దేశాయి ఆర్థిక మంత్రిగా వుండగా బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లకు మించిన నగలు చేయడం నిషేధించారు. దేశమంతటా స్వర్ణకారుల కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆత్మహత్యలు కూడా జరిగాయి. 14 క్యారెట్ల హద్దును 1966లో తొలగించారు. 1968లో చేసిన బంగారు నియంత్రణ చట్టాన్ని 1990లో రద్దు చేశారు. ఈ చరిత్ర పుస్తకాల్లో వుంది. ఆ రెండు మూడేళ్ళలో పెళ్ళయిన ఆడపిల్లలు మోసిన మాటలు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు. మా తాతయ్య చట్టానికి లోబడి 14 క్యారెట్ల గాజులు చేయించాడు. మా నాయనమ్మ బతికినంత కాలం అమ్మను "ఇత్తడి గాజుల కోడలు" అంది. ప్రభుత్వం చేసిన నిర్ణయానికి అమ్మ అవమానపడింది. నా హాస్టలు ఫీజు కోసం ఆ గాజులు అమ్మినప్పుడు, ఎవరూ చూడకుండా పోయి ఇచ్చినంత పుచ్చుకుని వచ్చింది. రెండు గాజులూ కలిపి 24 గ్రాములు. అందులో 14 గ్రాముల మేలిమి వుందని ఆమెకు చివరిదాకా తెలియదు.

క్యారెట్లు లోహానికి కొలత. మనిషికి కాదు, పుట్టింటి ప్రేమకూ కాదు. తక్కువ క్యారెట్ నగ తెచ్చిన స్త్రీ తలవంచుకుని నిలబడితే, ఆ వంగిన తల చూసే ఎదుటివాడు ధర చెబుతాడు.

అమ్మబోయే ముందు ఏం చేయాలో చెప్పుకుందాం. మొదట తూకం గ్రాముల్లో, మిల్లీగ్రాముల్లో చూడాలి. తులం అంటే ఇప్పుడు చాలామంది 10 గ్రాములంటారు. పాత తులం 11.66 గ్రాములు. సవర 8 గ్రాములు. మాట ఒకటి, కొలత ఇంకొకటి అయినచోట నష్టం మనకే. రాళ్ళు, పూసలు, లక్క తీయించి తూపించాలి. తర్వాత నాణ్యం. గీటురాయి పరీక్ష చేయి తిరిగినవాడు చేస్తే దగ్గరగా చెబుతుంది గానీ కచ్చితంగా చెప్పదు. మిషన్ పరీక్ష పైపొరను చూస్తుంది. పైన పూత వుంటే తప్పు చూపవచ్చు. కరిగించి చేసే పరీక్ష కచ్చితమైనది, కానీ కరిగాక నగ వెనక్కి రాదు. కాబట్టి ధర ఎలా కడతారో తేలకముందు కరిగించడానికి ఒప్పుకోకూడదు. కరిగిస్తే మన కళ్ళ ముందే కరిగించాలి, ముందూ వెనకా తూకం చూపాలి.

భారత ప్రమాణాల సంస్థ గుర్తించిన హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో మామూలు జనం కూడా పాత నగలను పరీక్ష చేయించుకోవచ్చునని 2022లో ప్రకటించారు. అప్పుడు నిర్ణయించిన రుసుము నాలుగు నగల వరకు 200 రూపాయలు, అయిదు లేదా అంతకు మించితే నగకు 45 రూపాయలు. ఒక్క నగకే 200 ఎక్కువనిపిస్తే సంఘంలో అయిదుగురు కలిసి వెళ్తే సరిపోతుంది. పరీక్ష కాగితం చేతిలో వున్న స్త్రీతో అంగట్లో మాట తీరే మారుతుంది.

2021 జూన్ నుంచి 256 జిల్లాల్లో హాల్‌మార్కు తప్పనిసరి అయింది. తర్వాత మరిన్ని జిల్లాలకు విస్తరించింది. నగ మీద త్రికోణపు గుర్తు, నాణ్యం అంకె, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన సంఖ్య, ఈ మూడూ వుండాలి. ఆ సంఖ్యను ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు. హాల్‌మార్కు నగలో రాసిన నాణ్యం లేకపోతే, తగ్గిన విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కూడా చెల్లించాలని 2018 నిబంధనలు చెబుతున్నాయి. ఇక కె.డి.ఎం. అనే ముద్ర నాణ్యానికి గుర్తు కాదు. అది కాడ్మియంతో అతికిన టంకానికి పేరు. హాల్‌మార్కు లేని పాత నగ అమ్మకూడదని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. నియమం అమ్మే దుకాణానికే గానీ, తన నగ అమ్ముకునే మనిషికి కాదు.

ఈ విషయం రేపు మరింత ముఖ్యమవుతుంది. 2025 జులైలో 9 క్యారెట్లను కూడా హాల్‌మార్కులో చేర్చారు. అందులో బంగారం 37.5 శాతమే. ధరలు పెరిగిన కొద్దీ పేదల ఇళ్ళకు చేరేది తక్కువ క్యారెట్ నగే. కొనేటప్పుడు క్యారెట్ రాసిన బిల్లు తీసుకుని దాచుకోవడం ఇప్పుడే అలవాటు చేసుకోవాలి.

అమ్మక తప్పదా, కుదువ పెడితే గడుస్తుందా అని కూడా ఆలోచించాలి. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు నగను రుణం తీసుకునే మనిషి ఎదుటే పరీక్షించాలి. ఆ నగ క్యారెట్‌కు తగిన ధరే కట్టాలి. నాణ్యం, మొత్తం తూకం, నికర తూకం, తీసివేతలు రాసిన కాగితం ఇవ్వాలి. వీటి అమలుకు 2026 ఏప్రిల్ 1 గడువు పెట్టారు. వీధి చివరి కుదువ అంగట్లో ఈ కాగితం అడిగేవారు లేరు. అయినా వడ్డీ కట్టగలమన్న నమ్మకం లేకుండా కుదువ పెట్టడం కన్నా, సరైన ధరకు అమ్ముకోవడమే మేలైన సందర్భాలు వుంటాయి.

ఇంతకూ అమ్మే నిర్ణయం ఎవరిది? స్త్రీధనం స్త్రీ సొంత ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో స్పష్టంగా చెప్పింది. 2024లో కేరళకు చెందిన ఒక స్త్రీ కేసులోనూ, భర్తకు దాని మీద అధికారం లేదని, అవసరానికి వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిన బాధ్యత వుందని మళ్ళీ చెప్పింది. కానీ కోర్టుకు వెళ్ళిన రోజున ఏ నగ, ఎంత, ఏ నాణ్యం అన్న ప్రశ్న వస్తుంది. పెళ్ళిలో ఇచ్చిన వస్తువుల జాబితా రాయాలని 1985 నిబంధనలే చెప్పాయి. రాసే కొద్దిమందీ "అయిదు తులాలు" అని రాసి వదిలేస్తారు. గ్రాములు, క్యారెట్లు రాయండి, ఫొటో తీసి పెట్టుకోండి. కౌన్సెలింగ్ చేసే కార్యకర్తలు మొదటి రోజే ఇది అడగాలి. అమ్మిన డబ్బు ఎవరి ఖాతాలో పడిందన్నది కూడా హక్కు ప్రశ్నే. నగ భార్యది, జమ భర్త ఖాతాలో అయితే అక్కడితో లెక్క మాయమవుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకున్న స్త్రీలే సారాకు ఎదురు తిరిగారు. మరుసటి ఏడాది రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్షరానికి అంత బలముందని చూసిన వాళ్ళం మనం. అంకెకు మాత్రం అంత బలముండదా? ప్రతి సంఘం ఒక చిన్న గ్రాముల త్రాసు కొనుక్కోవాలనీ, ఒక మీటింగ్ ఈ లెక్కకే కేటాయించాలనీ మా ప్రతిపాదన. మీ అనుభవాలు రాసి పంపండి.

ముద్దనూరు ఆమె తర్వాతి వారం సంఘం నుంచి ఇద్దర్ని వెంటబెట్టుకుని, పరీక్ష కాగితంతో అదే అంగడికి వెళ్ళింది. కాగితం మీద 750 అని వుంది. లెక్క తానే చెప్పింది. ధర మారింది. ఫీజు కట్టాక మిగిలిన డబ్బు తన ఖాతాలోనే వేసుకుంది. ఫోను చేసి ఆ సంగతులన్నీ చెప్పి, చివరికి ఇలా అంది: "మా యమ్మ నాకు తొమ్మిది గ్రాముల మేలిమి పెట్టిందక్కా."