పుష్కరం లెక్క

పాలపుంతవంటి మహా నక్షత్రసమూహాలను గెలాక్సీలంటారు. అటువంటివి రెండు ఢీకొంటే యేమవుతుంది? హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సాలే మహమ్మద్ అల్లాదీన్‌గారు చాలాకాలం యీ ప్రశ్నకే లెక్కలు కట్టారు. ఆయన వ్యాసం 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వెలువడింది. చిత్రమేమంటే, ఆ ఢీలో నక్షత్రం నక్షత్రాన్ని తాకడం బహు అరుదు. నడుమ ఉన్న ఖాళీ అంతటిది. పరస్పరాకర్షణే వాటిని లాగి, సాగదీసి, చెదరగొడుతుంది.

కంప్యూటర్లు రాకముందే, 1941లో, స్వీడనులో ఎరిక్ హోమ్‌బెర్గ్ 37 చొప్పున రెండు గుంపులుగా విద్యుద్దీపాలు పేర్చి యీ తమాషా చూశాడు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతు, ఆకర్షణా నాలుగోవంతే. కాబట్టి వెలుగును కొలిచి, దాన్నే ఆకర్షణగా లెక్కించాడు. ఏం బుర్ర!

ఇప్పుడు దీపాలకు బదులు కంప్యూటరులో లక్షల కణాలు. ఒక్కొక్క కణం వేలకొద్దీ సూర్యులకు ప్రతినిధి అన్నమాట. అయితే అక్కడ కిలోమీటర్లూ లేవు, సంవత్సరాలూ లేవు. మొత్తం ద్రవ్యరాశి 1, ఆకర్షణ స్థిరాంకం 1 అని పెట్టుకుంటారు. లెక్క ముగిశాక ఆ వట్టి అంకెలకు నిజమైన కొలతలు తొడగాలి. ఒకే లెక్కను చిన్న నక్షత్రగుచ్ఛానికీ తొడగవచ్చు, పెద్ద గెలాక్సీకీ తొడగవచ్చు.

తిరుపతినుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. సెంటీమీటరుకు పది కిలోమీటర్లని పటం గీస్తే ఏడు సెంటీమీటర్లు. పటం కదలదు గనుక ఆ ఒక్క కొలత చాలు. కదిలేవాటికి అలా కుదరదు. గురుగ్రహాన్నే చూడండి. సూర్యుడినుంచి భూమి ఉన్న దూరానికి 5.2 రెట్ల దూరంలో ఉంది. ప్రదక్షిణకు 5.2 యేళ్ళు చాలునా? చాలవు, 11.86 యేళ్ళు కావాలి. అందుకే గదా, రాశికి సుమారు ఒక యేడు చొప్పున నడిచి పన్నెండేళ్ళకొకసారి పుష్కరాలు తెస్తాడు! గోదావరికి 2003లో, మళ్ళీ 2015లో వచ్చాయి. కెప్లర్ 1619లో చెప్పిన సూత్రమే యిది: మూడు 5.2లను గుణిస్తే 140.6, దాని వర్గమూలం 11.86. మా ఛందస్సులో గురువుకు రెండే మాత్రలు. ఆకాశంలో గురువుకు అంత తొందర లేదు.

కంప్యూటరు కణాలకూ అదే సూత్రం. ద్రవ్యరాశి మార్చకుండా దూరాలను 4 రెట్లు చేస్తే కాలం 8 రెట్లు, వేగం సగం కావాలి. దూరం, ద్రవ్యరాశి మన యిష్టం; కాలం మాత్రం కాదు. దూరాల పట్టికను పదితో గుణించి, వేగాల పట్టికను అలాగే వదిలేశారనుకోండి. కణాలను కట్టి ఉంచే ఆకర్షణశక్తి పదోవంతుకు పడిపోయింది, పరుగు తగ్గలేదు. ఇక దారం తెగిన పూసల్లా అన్నీ చెదిరిపోతాయి. యంత్రం తప్పని చెప్పదు. తెరమీద బొమ్మ మహా అందంగా కూడా ఉంటుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. కొత్త వింత కనిపెట్టామని వ్యాసం రాయబోయేవారు ముందుగా వేగాలను సుమారు మూడోవంతుకు తగ్గించి చూడాలి.

ఆకర్షణ ఒక్కటే పనిచేసేచోటనే యీ తొడుగు చెల్లుతుంది. వాయువులు వేడెక్కి చల్లారడమో, నక్షత్రపు సొంత పరిమాణమో లెక్కలోకి వచ్చిందా, వాటి కొలతలు వాటికున్నాయి. మనం సాగదీస్తే సాగవు. తిరుమల పోటులో వండేవారినడగండి: పదిమంది పులిహోర వెయ్యిమందికి చేయాలంటే బియ్యం, చింతపండు నూరురెట్లు సరే, పొయ్యిమీద నూరురెట్లసేపు ఉంచుతారా? అటువంటప్పుడు పాత అంకెలు పక్కనపెట్టి, లెక్క మళ్ళీ మొదటినుంచి కట్టుకోవలసిందే.