అడుగున కింతయను బేరము

2022లో రెండు జిల్లాలుగా చీలిన అనంతపుర మండలమున నే గ్రామమున కేగినను రాత్రివేళ బోరుబండి హోరు వినబడును. ఆ హోరునకు రైతు గుండె యెట్లు కొట్టుకొనునో బండి యజమానికి పట్టదు. ఏల పట్టవలెను? అతని కూలి అడుగున కింత. జలము పడినను, దుమ్మెగసినను ఆ లెక్క మారదు. అడుగు నూరు రూపాయలనుకొన్నను 800 అడుగులకు 80,000 రూపాయలు; కేసింగు గొట్టము వేరు, మోటారు వేరు. నష్టమంతయు రైతుది, నిశ్చయమైన లాభము బండిది. ఇట్టి యేకపక్షపు టొడంబడికను మేము మరియొక వ్యాపారమున గానము.

“ఇంకొక నూరడుగులు పోనిమ్ము” అని యాశ పెట్టుటయే యిందలి మెలకువ. ఈ మండలమున నధికభాగము నేల క్రింద నున్నది గట్టి రాయి. నీరు పైనున్న శిథిలశిలలోను, దాని దిగువ పగుళ్లలోను మాత్రమే నిలుచును. లోతునకు బోయినకొలది పగుళ్లు తఱుగును. ఇక నూరు నీరెంత? ఏటి సగటు వర్షము దాదాపు 550 మిల్లీమీటర్లు. అందు పదింట నొకవంతు భూమిలోని కింకె ననుకొందము. వానలేని కాలమున వేయు వరికి వేయి మిల్లీమీటర్లకు తక్కువ చాలదు. అనగా నొక యెకరము వరికి సుమా రిరువది యెకరముల యూట కావలెను! కొబ్బరికాయ నరచేత బెట్టుకొని జలము చూపువారి కీ గణితము తెలియదు, సరే. 2004లో వ్యవసాయ విద్యుత్తు నుచితము గావించిన ప్రభుత్వమునకైన తెలియవలదా? ఉచిత విద్యుత్తును మేము కాదనము. తోడునది యేమున్నదని మాత్ర మడుగుచున్నాము.

పరప్రభుత్వము 1882లో చేసిన యీజ్‌మెంటు చట్టము, నిర్ణీతమైన కాలువగా పారక తన భూమి క్రింద నున్న నీటిని స్వంతదారుడు తోడుకొనవచ్చు ననెను. పొరుగువాని బావి యెండిన నడుగువాడు లేడు. 2002లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ జల, భూ, వృక్ష సంరక్షణ చట్టము చేసి, బావులను, బోరుబండ్లను రిజిస్టరు చేయవలె ననెను. మంచిదే. కాని రాత్రి త్రవ్వి తెల్లవారకమున్నే పోవు బండి నాపు వారేరి? న్యాయవాదవృత్తిలో మేము చూచునవి ప్రాంసరీ నోట్లు: మూడవ బోరు ఋణము తీరకమున్నే నాల్గవ బోరునకు నోటు. ప్రతివాదికి జవాబు లేదు, సంతకము తనదే.

కావున భూగర్భశాస్త్రజ్ఞుని పరీక్షాపత్రము లేనిదే బండి నేలను తొలువరాదు. 300 అడుగులు దాటియు నీరు పడనిచో, ఆపై కూలిలో సగము బండివాడు వదలుకొనవలెను. నీరున్న బోరును పొరుగు రైతులు పంచుకొన్నచోట క్రొత్త బోరున కనుమతి యీయరాదు. బండి యజమానులు సమ్మె కట్టుదురందురా? కట్టనిండు. ఆ నాళ్లు కొన్ని నోట్లైన వ్రాయబడకుండును.