బాయి దిగే రోజాదారుకు భరోసా: శ్రీరాంపూర్ ప్రణాళిక

రంజాన్ నెలలో రెండో షిఫ్టుకు బాయి (బొగ్గు గని) దిగిన సింగరేణి శ్రీరాంపూర్ కార్మికుడు, రోజా విరమించే మగ్రిబ్ అజాన్ మసీదులో ఇచ్చే వేళకు భూగర్భంలోనే ఉంటాడు. 2025 రంజాన్‌కు తెలంగాణ ప్రభుత్వం ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే ఇంటికి వెళ్లవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందినీ, ప్రభుత్వ రంగ సంస్థలనూ అందులో చేర్చింది. ఆఫీసుల్లో పనిచేసేవారికి మంచి వెసులుబాటే. మూడు షిఫ్టులు నడిచే గనిలో మాత్రం అది అక్కరకు రాదు.

ఈ లోటు తీరాలన్నదే ఈ ప్రణాళిక. కార్మికులు, సింగరేణి వైద్య సిబ్బంది, యూనియన్లు, మసీదు కమిటీలు కలిసి పట్టుకోవాల్సిన మాట ఒక్కటే: ఏ కార్మికుడూ తన ఒక్కపొద్దును డాక్టరు దగ్గర గానీ, గనిలో పని చూసే సర్దార్ దగ్గర గానీ దాచుకునే పరిస్థితి రాకూడదు.

1. రోజాకు ముందే వైద్య సలహా

13 దేశాల్లో మధుమేహం ఉన్న 12 వేల మందికి పైగా ముస్లింలను 2001లో ఎపిడయార్ అధ్యయనం పరిశీలించింది. టైప్ 2 మధుమేహం ఉన్నవారిలో 79 శాతం మంది కనీసం 15 రోజులు రోజా ఉన్నారు. షుగర్ ప్రమాదకరంగా పడిపోయే ఘటనలు ఆ నెలలో వారిలో ఏడున్నర రెట్లు పెరిగాయి. గనిలో బొగ్గు టబ్బులు లాగే హాలేజీ దగ్గర ఒకరికి షుగర్ పడిపోయి కళ్లు తిరిగితే పక్కవాళ్ల ప్రాణాలకూ ముప్పే.

అందుకే రంజాన్‌కు 6 నుంచి 8 వారాల ముందే పరీక్షలు జరగాలి. పొద్దున వేసుకునే మాత్రను ఇఫ్తార్‌కు మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది డాక్టరు అప్పుడే తేల్చాలి. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదు. రీడింగ్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ రెండు అంకెలూ తెలుగులో, ఉర్దూలో ప్రతి డిస్పెన్సరీ గోడ మీదా ఉండాలి.

2. నమ్మినవారి నోట ఆరోగ్య సందేశం

ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలపై అపోహలు ప్రబలినప్పుడు యూనిసెఫ్ కార్యకర్తలు ఇమాములను కలుపుకున్నారు. మసీదు మైకుల్లో ప్రకటనలు వినిపించాయి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం తోడు నిలిచింది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో భారత్‌ను పోలియో రహిత దేశంగా ప్రకటించారు. ఇక్కడా అదే దారిలో, రోగికి రోజా నుంచి ఖురాన్ ఇచ్చిన మినహాయింపును జుమ్మా ప్రసంగంలో ఇమాము గుర్తుచేస్తే, డాక్టరు సలహాకు బలం పెరుగుతుంది.

3. షిఫ్టులో వెసులుబాటు

కోరినవారికి ఆ నెల షిఫ్టు మార్చుకునే వీలుండాలి. అది కుదరనప్పుడు పనిస్థలానికి దగ్గరలో, సురక్షితమైన చోట ఖర్జూరాలు, మంచినీళ్లు, కాసేపు విరామం దొరకాలి. అందుకు మస్టర్ (హాజరు) కోత ఉండకూడదు. ఓపెన్‌కాస్ట్‌లో మట్టి తీసే కాంట్రాక్టు కార్మికులకూ ఇదే వర్తించాలి.

4. మహిళలకు మర్యాద

కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లు పరీక్షకు వస్తే లేడీ డాక్టరో, నర్సో ఉండాలి. చుట్టూ తెర ఉండాలి. బురఖా వేసుకున్న మనిషితో విసుగ్గా మాట్లాడితే ఆమె జబ్బు ముదిరేదాకా మళ్లీ ఆసుపత్రి గడప తొక్కదు.

5. అందరికీ ఒకే న్యాయం

శివరాత్రి జాగారం చేసి మర్నాడు బాయి దిగేవారికీ, అయ్యప్ప మాల వేసుకున్నవారికీ తగిన ఆరోగ్య సలహా అందాలి. ప్రభుత్వ ఉద్యోగంలో మతం పేరుతో వివక్ష కూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతోంది. పీర్ల పండుగను హిందువులూ ముస్లింలూ కలిసి చేసుకునే తెలంగాణలో ఈ న్యాయం కొత్తది కాదు.

2018లో రంజాన్ మే, జూన్ ఎండల్లో వచ్చింది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు చలికాలం వైపు వెళ్తోంది. పగళ్లు చిన్నవిగా ఉండే ఈ ఏళ్లలోనే ఏర్పాట్లన్నీ కుదురుకోవాలి. వచ్చే రంజాన్‌కు రెండు నెలల ముందే శ్రీరాంపూర్‌లోని ప్రతి బాయి మీదా షుగర్, బీపీ పరీక్షల శిబిరం పెట్టాలన్నది ఈ ప్రణాళిక తొలి డిమాండు.