ఎనిమిది దేశాల బస్సు వద్దు, ఒక్క దారి చాలు



పది రోజులుగా మన గ్రూపులో యూరప్ మాటే నడుస్తోంది. 12 రోజులు, 8 దేశాలు, ఒకే బస్సు, మూడు పూటలా మన భోజనం అని ఒక ప్యాకేజీ కాగితం చేతులు మారుతోంది. వచ్చే నెల కూటంలో పేర్లు ఇచ్చి అడ్వాన్సు కట్టమంటున్నారు. తిరువళ్ళూరు నుంచి కొందరు, తిరుత్తణి నుంచి కొందరు అప్పుడే సరే అన్నారు. మేము ఇవ్వలేదు. ఎందుకని ఫోన్ చేసి అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికీ చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాయడం మేలనిపించింది. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

యూరప్ పోవద్దని మేము అనడం లేదు. పోవాలి, కాళ్ళు మాట వింటున్నప్పుడే పోవాలి. "కాశీ, రామేశ్వరం ఉండగా అక్కడేం పని?" అని ఒక పెద్దాయన రాశారు. కాశీకి ఎప్పుడైనా పోవచ్చు, రిటైరైనవాళ్ళకు రైల్వే పాసు కూడా ఉంది. మన తిరుత్తణిలో తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1926లోనే ఆక్స్‌ఫర్డ్ పోయి ఉపన్యాసాలు ఇచ్చారు, 1936 నుంచి అక్కడ ప్రొఫెసర్‌గా ఉన్నారు. దూరదేశం పోయి చూసి రావడం మన ఊరికి కొత్త కాదు. మా పేచీ పోవడం గురించి కాదు, పోయే తీరు గురించి.

లెక్క వేయండి. 12 రోజుల్లో రానుపోను విమానానికి రెండు రోజులు పోతాయి. మిగిలిన 10 రోజుల్లో 8 దేశాలు. అంటే దాదాపు రోజుకో హోటలు, ప్రతి పొద్దునా ఆరింటికి సామాన్లు కట్టడం, పగలంతా బస్సు కిటికీ, సాయంత్రం ఊరి బయట ఇంకో హోటలు. చూసేది కొంచెం, మోసేది ఎక్కువ.

మనలో చక్కెర లేనివాళ్ళు ఎందరు? మోకాళ్ళు నొప్పి లేనివాళ్ళు ఎందరు? గంటన్నరకు ఒకసారి బాత్‌రూమ్‌కు పోవలసినవాళ్ళు ఎందరు? నలభై మంది ఉన్న బస్సును తన ఒక్కరి కోసం ఆపమని మన ఆడవాళ్ళు అడుగుతారా? అడగరు. నీళ్ళు తాగడం మానేస్తారు. మాత్ర వేసుకుని నీళ్ళు తాగకుండా పగలంతా కూర్చుంటే ఏమవుతుందో డాక్టరు చెప్పక్కర్లేదు. ఆ కాగితంలో హోటలుకు ఎన్ని నక్షత్రాలో రాశారు. బస్సు ఎన్ని గంటలకోసారి ఆగుతుందో రాయలేదు. మేము ముందు వెతికింది అదే.

రైల్వేలో టైం టేబుల్ వేసే పద్ధతి ఒకటి చెప్పాలి. రెండు స్టేషన్ల మధ్య బండి పోవడానికి పట్టే సమయం మాత్రమే రాసి ఊరుకోరు. దాని మీద కొన్ని నిమిషాలు చేర్చి పెడతారు, దాన్ని రికవరీ టైం అంటారు. ట్రాక్ పని ఉన్నా, సిగ్నల్ ఆలస్యమైనా ఆ నిమిషాల్లో బండి సర్దుకుంటుంది. ఆఖరి స్టేషనుకు ముందు చిన్న దూరానికి అంతసేపు ఎందుకు రాశారని ప్రయాణికులు నవ్వుతారు. ఆ నిమిషాలు లేకపోతే ఒక్క చోట లేటయిన బండి రోజంతా లేటే. అరవై దాటిన శరీరానికీ రికవరీ టైం కావాలి. 8 దేశాల కాగితంలో అది ఒక్క గంట కూడా లేదు.

మరి ఎలా పోవాలి? దేశాలు లెక్కపెట్టకుండా ఒక్క దారి పట్టుకుని నిదానంగా పోవాలి. అలాంటి దారి జర్మనీలో ఉంది. దాని పేరు రొమాంటిక్ రోడ్. పేరు చూసి నవ్వకండి, పర్యాటకుల కోసం 1950లో పెట్టిన పేరది. వుర్ట్స్‌బుర్గ్‌లో మొదలై ఆల్ప్స్ కొండల కింద ఫ్యూసెన్ దాకా సుమారు 460 కిలోమీటర్లు, చెన్నై నుంచి మదురైకి రోడ్డు మీద పోయినంత. ఆ దూరాన్ని ఒక్క పగలు కాకుండా 12 రోజులు పోదాం అంటున్నాము.

చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది. దిగిన రోజు ఎక్కడికీ పోకూడదు, నిద్ర పోవాలి. అక్కడి నుంచి వుర్ట్స్‌బుర్గ్ 120 కిలోమీటర్ల లోపే. ఆ తరువాత మూడే మకాములు: రోటెన్‌బుర్గ్‌లో నాలుగు రాత్రులు, ఆగ్స్‌బుర్గ్‌లో మూడు, ఫ్యూసెన్‌లో నాలుగు. సామాన్లు విప్పేది మూడుసార్లే. పొద్దున్నే పెరుగన్నం కలుపుకుని బయలుదేరి, రెండు గంటలు మించకుండా కారులో పోయి, మధ్యాహ్నం కునుకు తీయవచ్చు.

రోటెన్‌బుర్గ్ చుట్టూ పాత కోటగోడ ఉంది. కారు గోడ బయట పెట్టి లోపల నడవాలి. వీధులన్నీ రాళ్ళు పరిచినవి కాబట్టి చెప్పులు పనికిరావు, మెత్తటి బూట్లు ముందే కొని ఇక్కడే నెల రోజులు తొడిగి అలవాటు చేసుకోండి.

దారిలో నోర్డ్‌లింగెన్ అనే ఊరు. సుమారు కోటిన్నర ఏళ్ళ కిందట ఉల్క పడి ఏర్పడిన గుంటలో ఆ ఊరు ఉంది. 1970లో అపోలో 14 వ్యోమగాములు రాళ్ళను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి అక్కడికి వచ్చారు. అక్కడి చర్చి గోపురానికి 350 మెట్లు. మన తిరుత్తణి కొండకు 365. అక్కడా ఇక్కడా మెట్లెక్కి పైనుంచి ఊరు చూడాలనే ఆశ ఒకటే. మోకాళ్ళు వద్దంటే ఎక్కకండి, కింద కాఫీ అంగడిలో కూర్చోండి. రైల్వేవాళ్ళకు ఆ ఊళ్ళో ఇంకో లాభం ఉంది. పాత ఇంజన్ షెడ్డులో ఆవిరి ఇంజన్ల మ్యూజియం పెట్టారు.

ఆగ్స్‌బుర్గ్‌లో సంఘం నడిపేవాళ్ళందరూ చూడవలసిన చోటు ఒకటుంది, ఫుగ్గెరాయ్. యాకోబ్ ఫుగ్గర్ అనే వ్యాపారి 1521లో ఆ ఊరి పేదల కోసం కట్టించిన ఇళ్ళ వాడ. ఇప్పటికీ అందులో మనుషులు కాపురం ఉంటున్నారు. ఇంటి అద్దె సంవత్సరానికి 88 సెంట్లు, ఒక యూరో కూడా కాదు. దానితోపాటు రోజుకు మూడుసార్లు ప్రార్థన చేయాలి. ఐదు వందల ఏళ్ళుగా ఒక ధర్మం అలా నడుస్తోందంటే ఆ లెక్కలు ఎవరో జాగ్రత్తగా రాసి ఉంటారు. మన సంఘం ముసలివాళ్ళ కోసం కట్టాలనుకుంటున్న గదుల గురించి ఏళ్ళ తరబడి మాట్లాడుతూనే ఉన్నాం. అక్కడ ఒక పూట గడిపితే మనకు నాలుగు ఆలోచనలు వస్తాయి. 8 దేశాల బస్సు అక్కడ ఆగదు.

ఫ్యూసెన్ పక్కనే రాజు రెండవ లూడ్విగ్ 1869లో కట్టడం మొదలుపెట్టిన నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట. 2025లో యునెస్కో జాబితాలో చేరింది. కింది ఊరి నుంచి అరగంట పైగా ఎక్కుడు నడక, గుర్రపు బండీ ఉంది. లోపలా మెట్లు చాలా ఉన్నాయి, టికెట్టుకు సమయం రాసి ఉంటుంది. లోపలికి పోలేనివాళ్ళు చెరువు గట్టున కూర్చుని చూసినా పండగే.

కారు ఎవరు నడపాలి? ఇందులో మా మాట గట్టిది. అరవై దాటినవాళ్ళు అక్కడ కొత్తగా స్టీరింగ్ పట్టుకోవద్దు. వాళ్ళు రోడ్డుకు కుడివైపు నడుపుతారు. గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. ఆటోబాన్‌లో కొన్ని చోట్ల వేగానికి పరిమితే లేదు. నలభై ఏళ్ళు ఎడమవైపు అలవాటైన చేయి అలసిన నిమిషంలో పాత అలవాటుకే పోతుంది. మన ఇళ్ళల్లో ఎందరి పిల్లలో జర్మనీలో పని చేస్తున్నారు, వాళ్ళు నడపాలి. వాళ్ళకూ రెండు గంటలకు ఒకసారి విశ్రాంతి. పిల్లలు అక్కడ లేనివాళ్ళకు ఇదే దారి రైల్లో కుదురుతుంది. ఈ ఊళ్ళలో చాలావాటికి స్టేషను ఉంది, ఆగ్స్‌బుర్గ్ నుంచి ఫ్యూసెన్‌కు రైలు ఉంది, ఫ్యూసెన్ ఆ లైనుకు ఆఖరి స్టేషను.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. కొందరికి ఇది రుచించదు. మనలో చాలామంది ఆడవాళ్ళు ఇప్పటికే విదేశం పోయివచ్చారు. ఏం చూశారని అడగండి. వంటగది చూశారు, పసిబిడ్డను చూశారు, కిటికీలోంచి మంచు చూశారు. వీసా ఇచ్చిన 90 రోజులూ పురుడు, వంట, బట్టలు మడవడంతోనే పోయాయి. మనవడిని ఎత్తుకోవడం భాగ్యమే, కాదనము. కానీ ఆ 90 రోజుల్లో 12 రోజులు అమ్మవి అని టికెట్టు కొనేముందే పిల్లలతో చెప్పాలి. అమ్మ తనంతట తాను అడగదు. నాన్న అడగాలి. నాన్న లేని ఇంట్లో సంఘంలో పెద్దవాళ్ళు అడగాలి.

ఇక కాగితాలు. జర్మనీతో కలిపి 29 దేశాలకు ఒకే షెంగెన్ వీసా. 180 రోజుల్లో 90 రోజులు దాటకూడదు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అర్జీ పెట్టవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఉన్న జబ్బులకు ఆ బీమా వర్తిస్తుందో లేదో చదివి సంతకం పెట్టండి, తక్కువ ధర పాలసీలో తేడా అక్కడే ఉంటుంది. మందుల చీటీలో కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు కూడా డాక్టరు చేత రాయించుకోండి. మందులు చేతిసంచిలోనే ఉండాలి. ఆపదకు ఫోన్ నంబరు 112.

తిండి సామాన్లు సర్దేటప్పుడు జాగ్రత్త. నెయ్యి, పాలకోవా, మాంసం బయటి దేశాల నుంచి తీసుకుపోనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, బియ్యం చాలు. వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే చారన్నానికి లోటు ఉండదు. ఆదివారం అక్కడ అంగళ్ళు మూసేస్తారు, శనివారమే పాలూ పెరుగూ కొనిపెట్టుకోండి. ఎండా చలీ సమంగా ఉండే మే, సెప్టెంబరు నెలలు మనకు మంచివి.

"భాష రాదే, ఎలా?" అని అక్క ఒకరు అడిగారు. మేము బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు ఇంట్లో, అంగళ్ళ బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాము. ఉద్యోగంలో హిందీ, ఇంగ్లీషు టికెట్టు కౌంటరు నేర్పింది. మా తిరుత్తణివాళ్ళకు ఇంకో పాఠం కూడా తెలుసు. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళు 1960 ఏప్రిల్ 1న ఇల్లు కదలకుండానే మద్రాసు రాష్ట్రంవాళ్ళయ్యారు. ఎల్లలు మారినా, బోర్డుల మీద భాష మారినా బతుకు ఆగలేదు. రెండు వారాలు జర్మన్ బోర్డులు చదవలేమా?

ఖర్చు ఎక్కువ కదా అనేవాళ్ళకు మా జవాబు ఇది. డబ్బు తక్కువైతే రోజులు తగ్గించండి, ఒక మకాం తగ్గించండి. విశ్రాంతి తగ్గించవద్దు. రిటైర్మెంటు డబ్బులో ఆసుపత్రికని పక్కన పెట్టింది మాత్రం ముట్టవద్దు. అది ముడితే తప్ప కుదరదంటే ఈ ఏడు ఊటీ పోదాం, ఆ తరువాత చూద్దాం.

కూటంలో మేము కోరేది రెండే. ఒకటి, అడ్వాన్సు కట్టేముందు ఆ ప్యాకేజీవాళ్ళను మూడు ప్రశ్నలు అడగండి: బస్సు ఎన్ని గంటలకోసారి ఆగుతుంది, ఒకే హోటల్లో రెండు రాత్రులు ఎన్నిసార్లు ఉంటాం, నడుమ ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే వాళ్ళతో ఎవరు ఆగుతారు. రాతపూర్వకంగా జవాబు వస్తే పోయేవాళ్ళు సంతోషంగా పోండి. రెండు, నిదానంగా పోదామనేవాళ్ళు రెండు మూడు జంటలుగా కలవండి. ఒక కారుకు రెండు జంటలు, నడిపే బిడ్డ, సామాన్లు అంతే. ఫారాలు నింపడం మాకు చేతనైన పని, ఉద్యోగమంతా అదే చేశాము. ప్రతి ఆదివారం సాయంత్రం సంఘం గదిలో ఉంటాము. పాస్‌పోర్టు తీసుకుని రండి, ఇద్దరూ రండి. ఎక్కడ ఎన్ని రోజులు ఉండాలో చెప్పే మాట మాత్రం ముందు మన ఇంటి ఆడవాళ్ళను అడుగుదాం.